రూము షేరింగ్‌కి దిగేముందు: గోదారి జిల్లాల్లో ఎవరితో, ఎక్కడ, ఎలా

షేరింగ్ రూము అనగానే చాలామందికి ఇంజినీరింగ్ కుర్రాళ్ళు, గోడకి ఆనించిన పరుపులు, మూలన గుట్టపడిన విడిచిన బట్టలు గుర్తొస్తాయి. కాకినాడలోనో భీమవరంలోనో రూము కోసం నాలుగు వీధులు తిరిగి చూడండి, మేడమీద గదుల్లో ఉండేవాళ్ళలో చాలామందికి కాలేజీతో సంబంధమే లేదని తెలుస్తుంది. వీధికో టూలెట్ బోర్డు ఉంటుంది, దానికింద చిన్నక్షరాలతో 'ఫ్యామిలీకి మాత్రమే' అనీ ఉంటుంది. అయినా సరే షేరింగ్‌కి ఇచ్చే గది ఖాళీగా కనపడదు. ఎందుకలాగో తెలిస్తే మీకు ఎలాంటి రూము కావాలో, ఎవరితో ఉండాలో తేల్చుకోవడం తేలిక, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

చదువుకునేవాళ్ళు సరే, ఉన్నారు. కాకినాడలో జేఎన్‌టీయూ, రంగరాయ మెడికల్ కాలేజీ, భీమవరంలో ఎస్సార్కేఆర్, విష్ణు ఇంజినీరింగ్ కాలేజీలు, తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్‌ఐటీ, అమలాపురంలో కిమ్స్ మెడికల్ కాలేజీ. మొదటి రెండేళ్ళు హాస్టల్లో ఉండి, సాంబారు విసుగెత్తి, మూడో ఏడు బయటికొచ్చే బ్యాచ్ ఇది. కోర్సు అయిపోయినా సప్లీలు మిగిలిపోయి ఊరు వెళ్ళలేనివాళ్ళు కూడా ఇందులోనే.

తరవాత నోటిఫికేషన్ జనం. డీఎస్సీ, బ్యాంకులు, గ్రూప్స్, కానిస్టేబుల్. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడింది కదా, అలాంటిదొకటి వస్తే చాలు, రాజమండ్రి, కాకినాడల్లో కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులకి ఎక్కడలేని గిరాకీ వచ్చేస్తుంది. వీళ్ళు పండక్కి తప్ప ఊరికి పోరు, రాత్రి రెండింటిదాకా లైటు తియ్యరు. మీకు పొద్దున్నే ఆరింటికి డ్యూటీ ఉంటే వీళ్ళతో పొత్తు కుదరదు. మంచివాళ్ళే, కానీ కుదరదు.

ఇక ఉద్యోగస్తులు. 2019 అక్టోబర్ 2న కాకినాడ పక్కన కరపలో గ్రామ సచివాలయాలు మొదలుపెట్టాక ఎక్కడెక్కడివాళ్ళో మండలాల్లో ఉద్యోగాల్లో పడ్డారు. ఇల్లు తునిలో, పోస్టింగ్ పి.గన్నవరంలో. ఇల్లు చింతలపూడిలో, డ్యూటీ నరసాపురంలో. వాళ్ళకి తోడు రాయలసీమ నుంచి వచ్చిన బ్యాంకు క్లర్కులు, మెడికల్ రెప్పులు, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు. భీమవరం చుట్టుపక్కలయితే ఆక్వా వాళ్ళు ఎక్కువ: చెరువునీళ్ళూ రొయ్యపిల్లలూ పరీక్ష చేసే ల్యాబుల్లో పనిచేసే డిగ్రీ కుర్రాళ్ళు, బండి మీద చెరువుగట్లన్నీ తిరిగే ఫీడ్ కంపెనీల వాళ్ళు, రొయ్యల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. ఒడిశా నుంచి వచ్చిన కూలీలకి చాలాచోట్ల కంపెనీయే షెడ్లు ఇస్తుంది, సూపర్‌వైజర్లు మాత్రం ఊళ్ళో రూములు తీసుకుంటారు. రాజమండ్రిలో ఓఎన్‌జీసీ కాంట్రాక్టు పనివాళ్ళు, కాకినాడలో పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీల వాళ్ళు.

అందరూ మర్చిపోయేది యాభయ్యేళ్ళాయన్ని. బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు ఉద్యోగి, పిల్లలు వేరేచోట చదువుతున్నారు, భార్య ఇంకో స్కూల్లో టీచరు. సంసారం కదిపితే అందరికీ ఇబ్బంది, అంచేత తన ఈడువాడే ఇంకొకాయనతో కలిసి సింగిల్ బెడ్రూము తీసుకుంటాడు. నా మాట వింటే, మీకు ఇరవయ్యయిదేళ్ళున్నా సరే ఇలాంటాయన తోడు దొరికితే వదులుకోకండి. టైముకి అద్దె కడతాడు, వంటొచ్చు, ఓనరు దగ్గర మీ పరపతీ పెరుగుతుంది. కాకపోతే తొమ్మిదిన్నరకి లైటు ఆరిపోతుంది, పొద్దున అయిదింటికి సుప్రభాతం.

మరి వీళ్ళంతా సొంతంగా ఒక వాటా, అంటే ఇంట్లో ఒక పోర్షను, ఎందుకు తీసుకోరు? జీతాలు చాలవన్నది నిజమే, అందరూ చెప్పేదే. నా లెక్కలో అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది: ఊళ్ళో ఇల్లుంది. డెల్టాలో పల్లెకీ టౌనుకీ మధ్య దూరం నలభై, యాభై, మహా అయితే ఎనభై కిలోమీటర్లు. అక్కడ సొంత డాబానో పెంకుటిల్లో ఉంది, నాలుగు కొబ్బరిచెట్లున్నాయి, గేదె ఉంది, అమ్మానాన్నా ఉన్నారు. శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాడు. అలాంటివాడికి టౌన్లో కావాల్సింది ఇల్లు కాదు, వారానికి అయిదారు రాత్రులు నడుం వాల్చడానికో మంచం. దానికి వాటా అద్దె మొత్తం కట్టడమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. హైదరాబాద్ వెళ్ళినవాడు ఎప్పటికో అక్కడే స్థిరపడతాడు, అమలాపురంలో ఉద్యోగం చేసే మామిడికుదురు కుర్రాడికి స్థిరపడాల్సిన అవసరమే లేదు. అందుకే ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరు దిగుతారు తప్ప ఈ గిరాకీ తగ్గదు.

అంత దగ్గరయితే రోజూ తిరగొచ్చు కదా అంటారు. తిరిగేవాళ్ళు తిరుగుతున్నారు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు కూడా లేదు. కానీ రాత్రి పదింటికి షిఫ్టు దిగే నర్సుకి బస్సు ఫ్రీ అయితే ఏం లాభం, ఆ టైముకి ఆ ఊరికి బస్సుండాలి కదా. పైగా మధ్యలో గోదారి పాయలు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన వచ్చాక అమలాపురం, కాకినాడ దగ్గరయ్యాయి గానీ, నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళాలంటే పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పడవ) ఎక్కాలి, లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. వరద ఎక్కువయితే పంటు ఆపేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద హెచ్చరికలు మొదలయ్యాయంటే లంకల్లో వాళ్ళకి ఆఫీసుకి రావడమే గండం. జులై, ఆగస్టు, సెప్టెంబర్లకి మాత్రమే రూము కావాలని అడిగేవాళ్ళుంటారు, వాళ్ళని చేర్చుకోవడం మీకూ లాభమే, అద్దె ఆ మూడు నెలలూ ఇంకొకరితో పంచుకోవచ్చు.

ఇప్పుడు రూము వేట

ఆన్‌లైన్ యాప్‌లని నమ్ముకుని ఇక్కడ రూము దొరకడం తక్కువ. సాయంత్రం పూట మీరు ఉండాలనుకున్న వీధిలో కర్రీ పాయింటు దగ్గర నిలబడండి. పావుకిలో పప్పు, ఒక వేపుడు ప్యాకెట్టు కట్టించుకుని వెళ్ళే మగవాళ్ళందరూ దాదాపు రూములవాళ్ళే. 'అన్నా, మీ దగ్గరేమైనా ఖాళీ ఉందా' అని అడగండి, వాళ్ళ దగ్గర లేకపోయినా ఎవరు ఖాళీ చేస్తున్నారో చెప్పేస్తారు. ఇస్త్రీ బండాయన, వాటర్ టిన్నులు వేసే కుర్రాడు, ఈ ఇద్దరికీ ఏ మేడమీద ఎంతమందున్నారో లెక్క తెలుసు.

ఓనరు గారింటికి ఇద్దరు చాలు, గుంపుగా వెళ్ళకండి. సంభాషణ ఎలా నడుస్తుందో ముందే చెప్పేస్తాను.

'ఎంతమందుంటారు బాబూ?'

'ముగ్గురమండి.'

'పెళ్ళిళ్ళయ్యాయా?'

'ఒకాయనకి అయిందండి, ఫ్యామిలీ ఊళ్ళో ఉంటారండి.'

'మీదేవూరు? ఇంటిపేరేంటి?'

ఆ చివరి ప్రశ్న ఎందుకడుగుతారో మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఇంటిపేరు వినగానే మొహం మారిపోయి 'మావారిని అడిగి చెబుతాం' అన్నచోట రెండోసారి తలుపు కొట్టొద్దు. తప్పు మీది కాదు, కానీ రోజూ ఆ గేటు తీసుకుని వెళ్ళాల్సింది మీరు. ఓనరు కింద కాపురం లేని ఇళ్ళు చూసుకోండి. కోనసీమలో గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళు, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి తాళం పడిన ఇళ్ళు చాలానే ఉంటాయి, బావమరిదో పక్కింటాయనో చూసుకుంటుంటాడు. అక్కడ ప్రశ్నలు తక్కువ. రిపేర్లు కూడా తక్కువ అనుకోండి, కుళాయి పాడయితే ఆయనకి వాట్సాప్‌లో ఫొటో పెట్టి నాలుగు రోజులు ఆగాలి.

నాన్‌వెజ్ వండుకోవచ్చా, రాత్రి ఎన్నింటిదాకా గేటు తీసుంటుంది, చుట్టాలొస్తే ఉండనిస్తారా, బండి లోపల పెట్టుకోవచ్చా, ఇవి నాలుగూ అడ్వాన్సు ఇచ్చే ముందే అడగండి. భీమవరం అయితే అయిదోది కూడా: సంక్రాంతికి ఏమిటి సంగతి? కోడిపందేల రోజుల్లో లాడ్జీలు దొరకవు, ఓనరు గారి బంధువులు కార్లేసుకుని దిగుతారు. మీ రూము తాళం అడిగే ఓనర్లు ఉంటారు. మీరు ఎలాగూ ఊరెళ్తారు కాబట్టి ఇచ్చినా ఫరవాలేదు, మీ సామాను ఒక అల్మరాలో పెట్టి తాళం వేసుకుని మరీ ఇవ్వండి. రాజమండ్రిలో ఘాట్ల దగ్గర తీసుకునేవాళ్ళు 2027 పుష్కరాల రోజుల గురించి ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి.

నీళ్ళు

అందరూ గాలీ వెలుతురూ చూస్తారు. ఈ ప్రాంతంలో ముందు తిప్పి చూడాల్సింది కుళాయి. చుట్టూ గోదారి, ఎటు చూసినా కాలవ, నీళ్ళకేం కరువు అనిపిస్తుంది పైనుంచి వచ్చినవాళ్ళకి. సముద్రం వైపు జరిగేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పు. మున్సిపాలిటీ కుళాయిలో వచ్చేది కాలవల ద్వారా చెరువులో నింపుకున్న గోదారి నీళ్ళు. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా ఆ చెరువులో ఉన్నదాంతోనే ఊరంతా సర్దుకోవాలి. కాబట్టి మీరు డిసెంబర్లో చూసిన కుళాయి వేరు, మే నెలలో కుళాయి వేరు. 'ఎండాకాలం నీళ్ళెలా ఉంటాయి' అని ఓనర్ని అడిగితే 'మాకెప్పుడూ ఇబ్బంది లేదు బాబూ' అంటారు. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళని అడగండి.

పరీక్ష చిన్నదే. కుళాయి నీళ్ళతో చేతికి సబ్బు రుద్దండి. నురగ రాకుండా చేతికి జిడ్డుజిడ్డుగా అంటుకుంటుంటే అది బోరు నీరు. ఆ నీళ్ళతో కందిపప్పు కుక్కర్లో ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది, బకెట్టుకి తెల్లటి పొలుసు కడుతుంది, గీజరు కాయిలు తొందరగా పోతుంది. స్నానానికి సరిపెట్టుకోవచ్చు, వంటకి మాత్రం టిన్ను కొనాల్సిందే, ఆ ఖర్చు అద్దెలో కలిపి చూసుకోండి. తరవాత మోటారు స్విచ్చి ఎక్కడుందో చూడండి. ఓనరు ఇంట్లో ఉంటే పొద్దున ఒళ్ళంతా సబ్బుతో మేడమీంచి 'ఆంటీ, మోటరండీ!' అని కేకెయ్యడం మీ దినచర్య అవుతుంది. వాళ్ళు పెళ్ళికెళితే అంతే సంగతులు.

గ్రౌండ్ ఫ్లోరు చవగ్గా వస్తోందంటే వానాకాలం గుర్తు తెచ్చుకోండి. భూమిలో నీళ్ళు పైపైనే ఉంటాయి ఇక్కడ. గట్టి వాన పడితే సెప్టిక్ ట్యాంకు నిండి బాత్రూములోకే ఎదురు తంతుంది. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ దగ్గరగానీ, కాకినాడలో పల్లపు కాలనీల్లోగానీ తీసుకుంటే మేడమీదే తీసుకోండి, ఎండాకాలం శ్లాబు కాలిపోయినా సరే. గోడమీద తడి గీత ఎంత ఎత్తులో ఉందో చూస్తే కిందటేడు నీళ్ళెంత వచ్చాయో తెలిసిపోతుంది, కొత్తగా సున్నం కొట్టారంటే బీరువా జరిపి వెనక చూడండి.

డబ్బు లెక్కలు

గొడవలన్నీ ఇక్కడే. అద్దె తలకింత అని సమానంగా పంచుకోవడం వినడానికి న్యాయంగా ఉంటుంది గానీ, ఒకడు అటాచ్‌డ్ బాత్రూమున్న గదిలో, ఇంకొకడు హాల్లో పడుకుంటే సమానం ఎలా అవుతుంది? ఉదాహరణకి నలుగురు, అద్దె 9,000 అనుకోండి. అటాచ్‌డ్ గదిలో ఇద్దరూ 2,700 చొప్పున, రెండో గదిలో ఉన్నాయన 2,100, హాల్లో ఉన్నాయన 1,500. హాల్లో ఉన్నవాడికి నోరు పెగలకముందే మీరే ఈ మాట అనండి, ఏడాది ప్రశాంతంగా పోతుంది.

వారానికి రెండు రోజులు ఊరెళ్ళేవాళ్ళున్న రూముల్లో ఇంకో రూలు పెట్టుకోవాలి. ఉన్నా లేకపోయినా అయ్యే ఖర్చులు, అంటే అద్దె, వైఫై, పనిమనిషి జీతం, అందరివీ. తింటేనే అయ్యే ఖర్చులు, బియ్యం, కూరలు, గ్యాసు, టిన్నులు, పూటల లెక్కన. తలుపు వెనక మేకుకి ఒక క్యాలెండరు తగిలించి, తిన్న పూటకి పేరులో మొదటి అక్షరం వేసుకుంటూ పోతే చాలు, నెలాఖరున ఎవరూ నోరు మెదపరు. యాప్‌లున్నాయి, కానీ యాభయ్యేళ్ళాయన యాప్ తెరవడు, క్యాలెండర్లో మాత్రం రాస్తాడు. ఊరినుంచి తెచ్చే బియ్యం బస్తా, కొబ్బరికాయలు, ఆవకాయ లెక్కలోకి రావాలా వద్దా అన్నది కూడా ముందే అనుకోండి. బియ్యానికి ఖరీదు కట్టండి, ఆవకాయకి కట్టకండి.

ముగ్గురిలోపు ఉండి పగలు డ్యూటీలయితే వంట పెట్టుకోకుండా మెస్సు క్యారేజీ చెప్పుకోవడమే నయం. నెల మొత్తానికి కట్టకుండా టోకెన్ల పద్ధతి ఇస్తారేమో అడగండి, శని ఆదివారాలు మీరు ఉండరు కదా. వంట పెట్టుకుంటే గ్యాసు కనెక్షన్ కోసం అడ్రస్ ప్రూఫు వెతుక్కోనక్కర్లేదు, అయిదు కిలోల చిన్న సిలిండర్ ఐడీ కార్డు చూపిస్తే ఇస్తారు.

కరెంటు బిల్లు జాగ్రత్త. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. 2022లో మార్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున అయితే, 400 దాటాక యూనిట్ 9.75. మీ వాటాకి వేరే సర్వీసు మీటరు ఉంటే బిల్లు తక్కువ స్లాబుల్లో పోతుంది. ఓనరు మీటరు మీదే సబ్ మీటరు పెట్టి 'యూనిట్‌కి పది రూపాయలు' అంటే అసలు టాప్ రేటుకన్నా ఎక్కువ కడుతున్నారన్నమాట. సర్వీసు నంబరు అడిగి ఈపీడీసీఎల్ బిల్లు మీరే చూసుకోండి. ఒకడు ఏసీ పెట్టించుకుంటానంటే వాడి సబ్ మీటరు వాడిదే.

కాయితాలు

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. రాసేటప్పుడు ఉండే అందరి పేర్లూ వేయించండి. ఒక్కడి పేరు మీద తీసుకుంటే, వాడికి బదిలీ అయిన రోజు మిగతావాళ్ళు ఎవరో ఓనరుకి తెలీదంటాడు. అసలేమీ రాసుకోకుండా నెలనెలా అద్దె కడుతున్నా, ఖాళీ చెయ్యమనడానికి చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆధార్ జిరాక్సు అడిగితే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు ఇవ్వండి.

ఉద్యోగస్తులు ఎవరి వాటాకి వాళ్ళు విడిగా అద్దె రశీదు తీసుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు, ఏడాదికి లక్ష దాటి కడితే ఓనరు పాన్ కావాలి. షేరింగ్‌లో లక్ష దాటడం అరుదు, కాబట్టి పాన్ అడిగి ఓనర్ని కంగారు పెట్టకండి.

ఆడవాళ్ళయితే

రూముకన్నా లేడీస్ హాస్టల్ వైపే ఇంట్లోవాళ్ళు మొగ్గుతారు. త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, భోజనంతో కలిపి. వెళ్ళి చూసేటప్పుడు మధ్యాహ్నం వెళ్ళొద్దు, రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి, వీధి లైట్లు, గేటు దగ్గర ఎవరున్నారు, అన్నం ఎలా ఉంది అన్నీ ఒకేసారి తెలుస్తాయి. నైట్ డ్యూటీలుండేవాళ్ళు గేటు టైము సంగతి కాయితం మీద రాయించుకోవాలి, 'మీకు తీస్తాంలే అమ్మా' అన్న వార్డెన్ మారిపోతే కొత్తావిడ తియ్యదు. బిల్లులో జీఎస్టీ వేస్తే అడగండి: 2024 జులై 15 నుంచి, నెలకి మనిషికి 20,000 లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉంటే హాస్టల్ అద్దెకి జీఎస్టీ లేదు. ముగ్గురు నలుగురు నర్సులో టీచర్లో కలిసి వాటా తీసుకోవడం ఇప్పుడు పెరుగుతోంది, అలాంటప్పుడు కింద ముసలావిడ ఒక్కరే ఉండే ఇల్లు దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఆవిడకి తోడు, మీకు కాపలా. మీ చుట్టాలెవరెవరొచ్చారో ఊరందరికీ చెబుతుంది, దాన్ని భరించాలి మరి.

వెళ్ళేటప్పుడు

ఈ రూముల్లో మనుషులు మారుతూనే ఉంటారు, కాబట్టి ఎవరు వెళ్ళినా నెల ముందు చెప్పాలి, తన బదులు మనిషిని తనే వెతకాలి, మిగతావాళ్ళకి నచ్చితేనే ఆ మనిషి రావాలి అని మొదటే అనుకోండి. అడ్వాన్సు విషయంలో ఓనరు దాకా వెళ్ళక్కర్లేదు, వెళ్ళేవాడి వాటా వచ్చేవాడు నేరుగా ఇచ్చేస్తాడు, ఓనరుకి కొత్త పేరు చెబితే చాలు. అయితే వచ్చేవాడు ఇచ్చేముందు పాత కరెంటు బాకీ, మెస్సు బాకీ, గోడకి కొట్టిన మేకుల సంగతి తేల్చుకోవాలి. రూములో దిగిన రోజే మీటరు రీడింగు, గోడలు, ఫ్యాన్లు, కుళాయిలు ఫోన్లో ఫొటోలు తీసి ఓనరు వాట్సాప్‌కి పంపించి ఉంటే, ఖాళీ చేసే రోజు సున్నం ఖర్చని అడ్వాన్సులో కోత పెట్టబోయినప్పుడు అవే చూపించొచ్చు.